సర్‌క్లిప్ మొరాయిస్తే లాగడం ఆపి, ముందు దాని మీది ఒత్తిడి తీయండి

పాత మెషిన్ విప్పేటప్పుడు బోల్టు రాకపోతే అందరికీ ఓపిక ఉంటుంది. నూనె వేస్తారు, రాత్రంతా వదిలేస్తారు, వేడి చేస్తారు. సర్‌క్లిప్ (బేరింగ్ లాంటివి జారకుండా గాడిలో కూర్చునే, ఒకచోట తెగి ఉండే స్ప్రింగ్ రింగు) రాకపోతే మాత్రం వెంటనే ప్లయర్‌తో కుస్తీ మొదలుపెడతారు. క్లిప్పు చెవులు (ప్లయర్ మొనలు దూరే రంధ్రాలున్న కొసలు) విరిగేది, బోరు (క్లిప్పు కూర్చునే గుండ్రటి రంధ్రం) గీరుకుపోయేది అక్కడే. బాలానగర్‌లో పాత మెషిన్లు బాగుచేసి బతుకుతున్న నేను నమ్మేది ఒకటే. రాని సర్‌క్లిప్‌ని చాలాసార్లు తుప్పు ఒక్కటే పట్టి ఉంచదు. వెనకనుంచి ఏదో దాన్ని నొక్కుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి తీస్తే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు మా బల్ల మీద ఒక పాత పిల్లర్ డ్రిల్ (స్తంభం మీద నిలబడి రంధ్రాలు వేసే మెషిన్) ఉంది. పై పుల్లీ కూర్చునే స్లీవ్‌కి (గొట్టానికి) రెండు 6205 నంబరు బేరింగులు. కింది బేరింగ్ జారిపోకుండా హెడ్ (మెషిన్ పై భాగం) బోరులో ఒక సర్‌క్లిప్ ఉంది. ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు నల్లగా గట్టిపడింది. దాని మీద పెయింటు కూడా పడింది. దాంతో అక్కడ క్లిప్పు ఉన్న సంగతే తెలియదు. మా దగ్గరికి రాకముందు ఎవరో అది చూసుకోకుండా స్లీవ్‌ని పైనుంచి గట్టిగా కొట్టి కిందకి దించబోయారు. స్లీవ్ అంచు మీద ఆ దెబ్బలు ఇంకా ఉన్నాయి. బేరింగ్ కిందకి వచ్చి క్లిప్పుకి బిగుసుకుపోయింది.

ఇక్కడ కొలతలు చూస్తే విషయం అర్థమవుతుంది. 6205 బయటి కొలత 52 మిల్లీమీటర్లు. ఆ బోరుకి వేసే సర్‌క్లిప్ మందం 2 మి.మీ., దాని గాడి వెడల్పు 2.15 మి.మీ. అంటే క్లిప్పుకి గాడిలో ఉన్న ఖాళీ మొత్తం 0.15 మి.మీ. మాత్రమే. పైగా ఇనుము తుప్పు పడితే అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ కాస్త ఖాళీ తుప్పుతో నిండి, పైనుంచి బేరింగ్ కూడా నొక్కుతుంటే, ఎంత మంచి ప్లయర్ పెట్టినా క్లిప్పు దగ్గరకి ముడుచుకోదు.

నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు, "అన్నా, ఇంకా పెద్ద ప్లయర్ తేనా?" అన్నాడు. వద్దురా, ముందు గాడి కనబడనీ అన్నాను. సన్నని స్క్రూడ్రైవర్‌తో గ్రీజు గీకి, వైర్ బ్రష్ పట్టి, కిరసనాయిలుతో కడిగాం. క్లిప్పు చుట్టూ డబ్ల్యూడీ-40 కొట్టి భోజనానికి వెళ్లాం. వచ్చాక స్లీవ్ కింది కొసకి కర్రముక్క ఆనించి పైకి చిన్న చిన్న దెబ్బలు కొట్టించాను. బేరింగ్ ఒక్క వెంట్రుకవాసి వెనక్కి జరిగినా చాలు. ఆ దెబ్బ బేరింగ్ గుండ్ల మీద పడుతుంది నిజమే. ఈ బేరింగులు ఎలాగూ మార్చేవే కాబట్టి ఫర్వాలేదు. మళ్లీ వాడే బేరింగ్ అయితే నేను ఆ పని ఒప్పుకోను.

ఒత్తిడి వదిలిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. క్లిప్పు చెవి పక్కన చిన్న పంచ్ పెట్టి, గాడి వెంబడి తిరిగేలా మెల్లగా తట్టాలి. క్లిప్పు గాడిలో గుండ్రంగా తిరిగితే ఇక వచ్చినట్టే. తిరగకపోతే ప్లయర్ ముట్టుకోవద్దు. మళ్లీ నూనె, మళ్లీ దెబ్బ.

ప్లయర్ విషయంలోనూ పొదుపు పనికిరాదు. 52 బోరుకి 19 నుంచి 60 వరకు వాడే సైజు సరిపోతుంది, 40 నుంచి 100 వరకు వాడే సైజూ సరిపోతుంది. మొదటిదాని మొన 1.8 మి.మీ., రెండోదాని మొన 2.3. క్లిప్పు చెవి రంధ్రం 2.5. మొరాయించే క్లిప్పుకి రెండోదే వాడాలి. రంధ్రం నిండా కూర్చున్న మొన జారదు. మొనలు మార్చుకునే చవక ప్లయర్లు గట్టిగా నొక్కగానే వంగిపోతాయి.

చెవి అప్పటికే విరిగి ఉంటే అది వేరే కథ. సర్‌క్లిప్ స్ప్రింగ్ స్టీలు, మామూలు డ్రిల్ బిట్‌తో దానికి కొత్త రంధ్రం వేయడం కష్టం. చిన్న గ్రైండింగ్ రాయితో చెవి పక్కన గాటు పెట్టి, ఆ గాటులో పంచ్ ఆనించి కొసని లోపలికి తోస్తాను. కొస గాడి దాటగానే సన్నని స్క్రూడ్రైవర్ దూర్చి చుట్టూ లేపుకుంటూ రావాలి. అదీ కుదరకపోతే బయటనుంచి హెడ్ పోత గోడలో, సరిగ్గా గాడి ఉన్న చోట, 3 మి.మీ. రంధ్రం వేసి పంచ్‌తో క్లిప్పుని లోపలికి నెట్టొచ్చు. ఇది చివరి దారి. మందం తక్కువున్న చోట చేయకూడదు.

ఏది చేసినా కళ్లద్దాలు తప్పనిసరి. క్లిప్పు మీద గుడ్డ కప్పకుండా ప్లయర్ నొక్కనివ్వను. స్ప్రింగ్ స్టీలు ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ ఒక్క విషయంలో కుర్రాడి మీద గట్టిగా అరుస్తాను, అరుస్తూనే ఉంటాను.

వచ్చిన క్లిప్పుని మళ్లీ వేయొద్దు. కొత్తది కొన్ని రూపాయలే. దుకాణంలో పాత క్లిప్పు చూపించి కొలిపించకుండా బోరు కొలత చెప్పి అడగాలి, బయటికి వచ్చిన క్లిప్పు విచ్చుకుని వేరే కొలత చూపిస్తుంది. కొత్తదాన్ని వేలితో తడిమితే ఒక వైపు అంచు పదునుగా, రెండో వైపు కాస్త గుండ్రంగా తగులుతుంది. గుండ్రటి వైపు బేరింగ్‌కి, పదును వైపు గాడి గోడకి ఉండాలి. వేశాక మళ్లీ పంచ్‌తో తట్టి తిప్పి చూడాలి. చుట్టూ తేలిగ్గా తిరిగితే పూర్తిగా గాడిలో కూర్చున్నట్టు, ఎక్కడైనా ఆగితే అక్కడ గాడిలో ఇంకా తుప్పు మిగిలినట్టు.