ఏడు పుస్తకాల తేడా

ఆదివారం మా కతోలిక చర్చిలో పూజ అయ్యాక, పిల్లలకి విశ్వాసం నేర్పే సత్యోపదేశం క్లాసులో ఏడో తరగతి పాప ఒకటి తన బైబిలూ పక్కింటి ప్రొటెస్టెంట్ స్నేహితురాలి బైబిలూ రెండూ తెచ్చి నా ముందు పెట్టి, "టీచర్, వాళ్ళ దాంట్లో 66 పుస్తకాలే ఉన్నాయి, మనకి 73 ఎందుకు?" అంది. ఇలాంటి ప్రశ్న వస్తే నాకు ఎంత సంతోషమో!

కొత్త నిబంధన ఇద్దరికీ 27 పుస్తకాలే, తేడా అంతా పాత నిబంధనలోనే అని చెప్పాను. తోబితు, యూదితు, బారూకు, మక్కబీయులు లాంటి ఆ ఏడూ తొలినాటి క్రైస్తవులు చదువుకున్న గ్రీకు అనువాదంలో ఉన్నవే, 1546లో కతోలిక సంఘ పెద్దల ట్రెంట్ మహాసభ వాటిని పవిత్ర గ్రంథాలుగా మళ్ళీ ఖాయం చేసింది.

తర్వాత తోబితు నాలుగో అధ్యాయం తీసి పాప చేతే చదివించాను. తండ్రి కొడుకుని దూర ప్రయాణానికి పంపుతూ చెప్పే మాటలవి: నీకు ఇష్టంలేనిది ఇంకొకరికి చేయకు, ఆకలితో ఉన్నవాడికి నీ అన్నంలో పంచు. వేలు పెట్టి, కొత్త మాటల దగ్గర ఆగుతూ చదివింది. జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారాల పేర్లు ఏడూ మా పిల్లలు గడగడా ఒప్పజెబుతారు, మంచిదే, కానీ నేర్చుకున్నది ఆ అన్నం పంచేదాకా రావాలని నా పట్టుదల.

వెళ్తూ వెళ్తూ, "మా ఫ్రెండ్‌ని కూడా క్లాసుకి తీసుకురావచ్చా టీచర్?" అని అడిగింది. తప్పకుండా తీసుకురామ్మా అన్నాను.