ఆ పక్కే కొట్టుకుంది

మెల్‌బోర్న్ వచ్చి తొమ్మిదేళ్లయింది. పసిపిల్లల మూర్ఛకు జన్యువుల్లో కారణాలు వెతకడం నా ఉద్యోగం. ఈ పనిలో ఈ ఊరికి పెద్ద పేరుంది. 1995లో మూర్ఛకు సంబంధించిన మొదటి జన్యువును పట్టుకున్న బృందంలో ఇక్కడి శామ్ బెర్కోవిక్, ఇంగ్రిడ్ షెఫర్ ఉన్నారు.

రోజంతా చాలావరకు కంప్యూటర్ ముందే గడుస్తుంది. డీఎన్ఏ వరుసలో ఏ అక్షరం మారింది, ఆ మార్పు జబ్బు తెచ్చేదా, ఊరికే ఉండేదా అని తేల్చుకోవాలి. కానీ అంతకంటే ముందు తల్లిదండ్రుల దగ్గర కూర్చుని, మొదటిసారి ఫిట్స్ ఎలా వచ్చాయో చెప్పించుకోవాలి. నాకు ప్రాణం ఆ పనే.

కిందటేడు విజయవాడ వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని కలిశాను. బాబుకి మూడేళ్లు. ఫిట్స్ మొదలైంది మాత్రం ఏడాది నిండకముందే. ఫైల్లో "ఒళ్లంతా కొట్టుకుంది, అరగంట" అని ఉంది. ఇంగ్లీషులో ఆ సంగతి చెప్పింది తండ్రి. ఫిట్స్ వచ్చినప్పుడు ఆయన ఇంట్లోనే లేడు. తల్లి పక్కన కూర్చుని తెలుగులో అడిగాను: "నువ్వు ఏం చూశావో చూసినట్టు చెప్పమ్మా."

"కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తున్నా మేడం. కాస్త వేడి నీళ్లే. ఉన్నట్టుండి గుడ్లు తేలేశాడు. ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ, ఆ పక్కే కొట్టుకుంది. ఎంతకీ ఆగలేదు. అంతకుముందు టీకా వేయించిన రాత్రి జ్వరంలో వచ్చింది. అప్పుడు కుడి పక్క."

ఇంకోసారి చెప్పించుకున్నాను. ఏడాది నిండని బిడ్డకు జ్వరంలోనో, వేడి నీళ్లకో ఒక పక్కే చాలాసేపు ఫిట్స్ రావడం, మరోసారి పక్క మారడం. ఫ్రెంచి వైద్యురాలు షార్లెట్ డ్రావె 1978లో వర్ణించిన జబ్బు ఇలాగే మొదలవుతుంది. ఇప్పుడు దాన్ని ఆమె పేరుతోనే డ్రావె సిండ్రోమ్ అంటున్నారు. (మన దక్షిణాదిలో తలమీద వేడి నీళ్లు పోసుకుంటే వచ్చే మూర్ఛ ఒకటుంది. అది వేరు. అందుకే ఒక్క నీళ్ల మాట పట్టుకుని ఏదీ తేల్చకూడదు.)

దీనికి కారణం చాలామందిలో ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపమని 2001లో తెలిసింది. మెదడులో మిగతా కణాల జోరును అదుపు చేసే కణాలు కొన్ని ఉంటాయి. వాటికి సోడియం లోపలికి వెళ్లే దారి కావాలి. ఈ జబ్బులో ఆ దారే సగం మూసుకుపోతుంది. కార్బమాజెపిన్ లాంటి మందులు ఆ మిగిలిన దారిని కూడా అడ్డుకుంటాయి. బాబు ఏడాదిన్నరగా వాడుతున్నది ఆ మందే. మంచి మందే, ఎందరికో పనిచేస్తుంది, ఈ బిడ్డకు మాత్రం కాదు. డోసు పెంచినకొద్దీ ఫిట్స్ పెరిగాయని తల్లి నోటుపుస్తకంలో తేదీలతో సహా రాసుకుంది. ఆ పుస్తకం ఎవరూ అడిగి చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇక్కడి డాక్టర్లు అది ఆపి, వేరే మందులు మొదలుపెట్టారు.

ఆమె మనసులో మరో బరువుంది. "టీకా నేనే పట్టుబట్టి వేయించాను. అందుకే చిన్నదానికి వేయించలేదు." పాపకి అప్పటికి ఎనిమిది నెలలు. బెర్కోవిక్ బృందం 2006లో వెలువరించిన పరిశోధన గురించి చెప్పాను. టీకా వల్లే మెదడు దెబ్బతిందని అనుకున్న 14 మందిని పరీక్షిస్తే, 11 మందిలో ఈ జన్యువులోనే మార్పు కనిపించింది. జ్వరం ఫిట్స్‌ను బయటపెట్టి ఉండొచ్చు, జబ్బు మాత్రం పుట్టుకతోనే ఉంది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మా వైపు నుంచి వచ్చిందా? మా అత్తయ్య అదే అంటుంది," అంది.

ఫలితం వచ్చింది. బాబులో మార్పు ఉంది, తల్లిలో లేదు, తండ్రిలో లేదు. డ్రావె ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఇంతే, కొత్తగా పుట్టిన మార్పు. చాలా అరుదుగా తల్లిలోనో తండ్రిలోనో కొన్ని కణాల్లో దాగి ఉండొచ్చని, ఇంకో బిడ్డను అనుకుంటే ముందే చెప్పమని డాక్టరు వివరించారు.

బయటికి వచ్చాక ఆమె నన్ను ఆపింది. "అక్కా, ఇదే తెలుగులో రాసివ్వరా? అత్తయ్యకు ఫొటో తీసి పంపుతా." రాసిచ్చాను. చదివి, తల అడ్డంగా ఊపింది. "ఉత్పరివర్తన అంటే ఆవిడకేం తెలుస్తుంది? ఆవిడకు అర్థమయ్యేట్టు రాయండక్కా."

కాగితం తిప్పి, వెనక మళ్లీ రాశాను.

"అమ్మా, నమస్కారం. మీ మనవడికి ఈ జబ్బు మీ కోడలి వైపు నుంచి రాలేదు, మీ వైపు నుంచీ రాలేదు. టీకా వల్ల రాలేదు. బిడ్డ కడుపులో పడే వేళ ఒక్క అక్షరం తప్పు పడింది. ఎవరూ చేసింది కాదు. పాపకి టీకాలు వేయించమని మీరే చెప్పండి, మీ మాట వింటుంది."