ప్యాచ్‌లో మోగిన వేణువు పర్ఫామెన్స్‌లో ఎందుకు మోగలేదు

నెల్లూరు మూలాపేటలో రిసెప్షన్. రెండో పాటలో పల్లవికి ముందు కీబోర్డు మీద వాయించే వేణువు బిట్టు నాది. మొదటి స్వరం వాయించగానే గుండె జారింది. పొద్దున ఇంట్లో అదే వేణువు, స్వరం ఆగినాక కూడా వెనకాల సన్నగా తోక సాగుతూ మోగింది. స్టేజీ మీద మాత్రం ఎండుగడ్డి నమిలినట్టుంది. సౌండ్ అన్న మిక్సర్లో ఎకో పెంచి చూశాడు. అది ఎకోతో తీరే లోటు కాదు.

నా దగ్గరుండేది రోలాండ్ జేవీ-1080. 1994లో వచ్చిన సౌండ్ మాడ్యూలు, అంటే వాద్యాల శబ్దాలు పుట్టించే పెట్టె. దానికి కీలుండవు, వెనక మిడి కేబులు (ఏ కీ నొక్కామో చెప్పే తీగ) గుచ్చి వేరే కీబోర్డుతో వాయించాలి. చెన్నైలో సెకండ్‌హ్యాండ్‌లో కొని, బస్సులో నెల్లూరు దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

ఇంట్లో నేను వాయించింది ప్యాచ్ మోడ్‌లో, స్టేజీ మీద పర్ఫామెన్స్ మోడ్‌లో. తేడా అంతా అక్కడే ఉంది. ప్యాచ్ అంటే ఒక్క వాద్యం. దాని కింద నాలుగు టోన్ల దాకా ఉంటాయి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన శబ్దపు పొరలు. ఒక్కో టోనుకీ దాని వేవు (మూల శబ్దం), దాని ఫిల్టరు (శబ్దాన్ని వడకట్టేది), దాని ఎన్వలప్ (స్వరం ఎట్టా లేచి ఎట్టా ఆగాలో చెప్పేది). పర్ఫామెన్స్ అంటే పదహారు పార్టులు కలిసి మోగే ఏర్పాటు, ఒక్కో పార్టులో ఒక్కో ప్యాచ్. అందులో పదోది రిథమ్‌ది, అంటే డ్రమ్స్‌ది. ప్యాచ్ ఒక్కటే మోగేటప్పుడు ఇఎఫ్‌ఎక్స్, అంటే శబ్దానికి మెరుగు పెట్టే లోపలి ఎఫెక్ట్, మొత్తం దానిదే. పర్ఫామెన్స్‌లో పదహారు పార్టులకీ కలిపి ఉండేది ఒక్క ఇఎఫ్‌ఎక్స్. అది పర్ఫామెన్స్‌లో పెట్టుకున్నదన్నా అయ్యుండాలి, ఏదో ఒక పార్టులోని ప్యాచ్‌దన్నా అయ్యుండాలి. ఆ రోజు నా వేణువుకి దాని ఎఫెక్ట్ దక్కలేదు.

ఇప్పుడు ఏ పాటకైనా ముందు తేల్చుకునేది ఒకటే: ఈ పాటలో ఎఫెక్ట్ లేకపోతే చచ్చిపోయే వాద్యం ఏది? ఇఎఫ్‌ఎక్స్ సోర్స్‌ని, అంటే ఎవరి ఎఫెక్ట్ వాడాలనే సెట్టింగుని, ఆ పార్టుకి ఇస్తాను. మిగతా పార్టుల అవుట్‌పుట్‌ని ఇఎఫ్‌ఎక్స్ గుండా పోకుండా మిక్స్‌కి మారుస్తాను. అట్టా చెయ్యకపోతే వేణువు ఎఫెక్ట్ స్ట్రింగ్స్ (వయొలిన్ల గుంపు శబ్దం) మీద కూడా పడుతుంది.

దీనికన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది ఇంకోటుంది. ఒక మెలొడీ కోసం వేణువు అటాక్‌ని, అంటే స్వరం లేచే వేగాన్ని, నెమ్మది చేసి, అదే యూజర్ నంబర్లో (మన ప్యాచ్‌లు దాచుకునే చోటు) రైట్ కొట్టి పాతదాని మీదే సేవ్ చేశాను. మరుసటి వారం కోవూరు ప్రోగ్రాములో స్పీడు పాట వచ్చింది, వేణువు ప్రతి స్వరానికీ వెనకబడింది. ఆ పర్ఫామెన్స్‌ని నేను ముట్టుకోనే లేదు! పర్ఫామెన్స్ లోపల ప్యాచ్ ఉండదు. పలానా బ్యాంకు, పలానా నంబరు అనే చిరునామా మాత్రం ఉంటుంది, దాంతో పాటు ఆ పార్టు మిడి ఛానలు, లెవెలు, ప్యాన్ (శబ్దం ఎడమకా కుడికా) లాంటివి. ఆ చిరునామాలో ఇల్లు పడగొట్టి కొత్తది కడితే, ఆ చిరునామా రాసుకున్న అందరూ కొత్త ఇంటికే వస్తారు.

మా అక్క కొడుకు నా దగ్గర నేర్చుకుంటున్నాడు. నిన్న పైటేల అడిగాడు: "మావా, వేణువు రోంత తగ్గాలంటే ప్యాచ్‌లో తగ్గించాలా, పార్టులో తగ్గించాలా?"

"ఈ ఒక్క పాటకేనా, అన్నిటికీనా?"

"ఈ పాటకే."

"అయితే పార్టు లెవెల్ ముట్టుకో, ప్యాచ్ జోలికి పోవద్దు."

గొంతే మారాలంటే మాత్రం ప్యాచ్‌లోకి దిగాల్సిందే. అప్పుడు కొత్త నంబర్లో రాసుకోవాలి. యూజర్ ప్యాచ్‌లు 128 ఉన్నాయి, చోటుకి కరువు లేదు. రాయకుండా ఇంకో ప్యాచ్‌కి పోతే చేసిందంతా పోతుంది. మార్పులు అప్పటిదాకా తాత్కాలికంగా ఉండే చోటే ఉంటాయి. కరెంటు పోయినా అంతే, మా వీధిలో రెండుసార్లు అనుభవించాను.

టోన్ల సంగతి వాడికి చేత్తో చూపించాను. నాలుగు టోన్లూ వెలిగే స్ట్రింగ్స్‌లో ఒక్కో స్వరానికి నాలుగు వాయిస్‌లు ఖర్చు. ఒకేసారి మోగగలిగే వాయిస్‌లు మొత్తం 64, అంటే పదహారు స్వరాలకే సరి. పెడల్ తొక్కి రెండు చేతులా పట్టేసరికి పాత స్వరాలు తెగిపోయాయి. రెండు టోన్లు ఆపించాను. వాడు కళ్లు మూసుకుని విని, "మావా, ఇదే బాగుంది, పాట కనపడతా ఉంది" అన్నాడు. దాన్ని 97లో రాసి, వాడి నోట్‌బుక్కులో ఆ నంబరు ఎదురుగా ఏ ఏ పర్ఫామెన్స్‌లు దాన్ని వాడతాయో వాడి చేతే రాయించాను.