ఆంత్రోపాలజీ చదివితే ఏమొస్తుంది?

అమలాపురంలో ఏ పెళ్లికెళ్లినా ఎవరో ఒక మావయ్య పట్టుకుని "ఆంత్రోపాలజీ చదివి ఏం చేస్తావమ్మా?" అంటారు. ఆంత్రోపాలజీ అంటే మానవశాస్త్రం, మనుషుల గురించి, వాళ్ల బతుకుతీరు గురించి చదవడం. బీటెక్ వాళ్లని మాత్రం ఎవరూ అడగరు, అదేంటో!

ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేసేటప్పుడు ఫీల్డ్‌వర్క్‌కి అంతర్వేది వైపు ఒక మత్స్యకారుల పల్లెకి వెళ్లాం. వేట డబ్బులు పంచుకోవడం దగ్గర కూర్చుని చూశాను. పడవకింత, వలకింత, మనిషికింత అని వాటాలు. కాగితం, పెన్ను ఏమీ లేవు. "ఇంజిను ఎవరిదైతే ఆళ్లకో వాటా" అంటూ ఒక మామ్మ వేళ్ల మీద గబగబా లెక్క చెబుతుంటే నా నోట్‌బుక్ అందుకోలేకపోయింది. కోనసీమలోనే పుట్టి పెరిగాను, ఈ లెక్క మాత్రం అక్కడే మొదటిసారి విన్నాను.

ఉద్యోగాలంటారా, ఉన్నాయి, కాకపోతే వెతుక్కోవాలి. 1945లో పెట్టిన ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది, మ్యూజియాలున్నాయి. సివిల్స్‌కి ఆప్షనల్‌గా తీసుకునేవాళ్లు బోలెడుమంది. నాకైతే పునరావాసం పని మీదే మనసు. పోలవరం ముంపులో కొండరెడ్లు, కోయలు ఊళ్లు వదులుకోవాల్సి వచ్చింది. ఇల్లు కట్టిస్తే సరిపోతుందా? అడవిలో దొరికే చింతపండు, వెదురు కాలనీలో ఎక్కడ్నుంచి వస్తాయి? ఇలాంటివి అడిగేవాళ్లు సర్వే టీంలో ఒక్కరైనా ఉండాలి. జీతం మొదట్లో తక్కువే, అదీ చాలావరకు కాంట్రాక్టు మీదే.