మార్నర్ వెళ్లనన్నాడు, మా ఇంట్లో వాదన మొదలైంది

ఇంట్లో టొరంటో మేపుల్ లీఫ్స్ అనే ఐస్ హాకీ జట్టు అభిమాని ఉంటే మార్చి నెల గడవడం కష్టం. ఆటగాళ్ల మార్పిడికి గడువు ముగిసేది అప్పుడే. మా అబ్బాయి భోజనాల బల్ల మీద నోట్‌బుక్ తెరుస్తాడు. ఆటగాడి పేరు, వయసు, ఆడే స్థానం, జీతం, ఒప్పందంలో మిగిలిన ఏళ్లు అన్నీ గళ్లు గీసి రాసుకుంటాడు. పక్కన పప్పన్నం చల్లారిపోతుంది. రాజమండ్రి నుంచి వీడియో కాల్‌లో మా నాన్నగారు అడుగుతారు: "అతన్ని ఎంతకు కొన్నారురా?" రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు వేలంలో దక్కించుకోవడం చూసిన వారికి అది సహజమైన ప్రశ్నే.

"కొనడం కాదు తాతయ్యా, ఒకరిని ఇచ్చి ఇంకొకరిని తీసుకుంటారు" అని వాడు మొదలుపెడతాడు.

ఈ జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాడు జట్టు మారితే అతని ఒప్పందం కూడా వెంట వెళుతుంది. ఒక జట్టు ఇచ్చే మొత్తం జీతాలకు పరిమితి ఉంది. 2025-26లో అది 9.55 కోట్ల డాలర్లు. కాబట్టి ఎంత బాగా ఆడతాడో చూస్తే సరిపోదు. ఎంత జీతానికి, ఇంకా ఎన్నేళ్లు ఆడతాడో కూడా చూడాలి. తక్కువ జీతానికి ఒప్పందంలో ఉన్న కుర్రాడి కోసం అందరూ ఎగబడతారు. ఒప్పందం ముగియబోతున్న స్టార్‌కు మాత్రం బేరం పడిపోతుంది.

మికో రాంటనెన్ అనే స్టార్‌ను 2025 జనవరిలో కొలరాడో జట్టు కరోలినా జట్టుకు పంపింది. అక్కడ దీర్ఘకాలిక ఒప్పందం కుదరకపోవడంతో మార్చి 7న డల్లాస్‌కు వెళ్లాడు. అతని కోసం డల్లాస్ లోగన్ స్టాంకోవెన్ అనే కుర్రాడితో పాటు, డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, రెండు మొదటి రౌండ్ ఎంపికలు, మరో రెండు మూడో రౌండ్ ఎంపికలు వదులుకుంది. ఏడాదికి 1.2 కోట్ల డాలర్ల చొప్పున ఎనిమిదేళ్లు ఉండటానికి అతను ఒప్పుకున్నాడు కనుకనే అంత ఇచ్చింది.

అదే గడువుకు ముందు, జట్టు మారతావా అని టొరంటో తన ఆటగాడు మిచ్ మార్నర్‌ను అడిగింది. తన అంగీకారం లేకుండా పంపకూడదన్న షరతు అతని ఒప్పందంలో ఉంది. వెళ్లనన్నాడు. ఆ సీజన్‌లో కొట్టిన గోల్స్, తోటివారి గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి 102 పాయింట్లు సాధించిన ఆటగాడు! వేసవిలో ఒప్పందం ముగిసే వేళ వేగస్‌కు వెళ్తే, టొరంటోకు బదులుగా దక్కింది నికొలా రువా ఒక్కడే. మా వాడికి ఆ కోపం ఇంకా చల్లారలేదు.

నేను మార్నర్ పక్షం. అతను పుట్టింది మార్కమ్‌లో, టొరంటో పక్కనే. మేము ఊరు విడిచి వచ్చింది మా ఇష్టంతో, నెలల తరబడి ఆలోచించుకుని. హాకీ ఆటగాడికి ఒక్క ఫోను వస్తుంది, మర్నాడు వేరే నగరం. ఆ షరతు అందరికీ దొరకదు కూడా. 27 ఏళ్లు నిండాలి, లేదా లీగ్‌లో ఏడు సీజన్లు ఆడి ఉండాలి. ఇరవై ఏళ్ల పిల్లవాడిని అడిగే వారే ఉండరు.

రిటైరైన ప్రభుత్వ ఉపాధ్యాయుడైన నాన్నగారికి ఇది వెంటనే అర్థమైంది. "మా బదిలీల్లో సర్వీసుకు పాయింట్లు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే దానికీ పాయింట్లు. మరి వీళ్ల పెళ్లాం పిల్లల సంగతి ఎవరు చూస్తారు?" అన్నారు. మా వాడు నోట్‌బుక్ పక్కన పెట్టి, ఆ పాయింట్ల లెక్క మొత్తం ఆయన చేత చెప్పించుకున్నాడు. తాతామనవళ్లు తెలుగులో అంతసేపు మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ నోట్‌బుక్ మీద నాకు అభ్యంతరం లేదు. మనుషులకు వెల కట్టడం పిల్లలకు నేర్పుతున్నారని ఇక్కడి మన స్నేహితులు కొందరు అంటారు. మేము పెరిగిన చోట ఎంసెట్ ర్యాంకే మనిషి విలువ. బంధువులు పేరు కంటే ముందు దాన్నే అడిగేవారు. మా వాడు లెక్కలు వేసేది ఒప్పందాలకు. మార్నర్ మంచివాడా కాదా అన్న గడి ఆ నోట్‌బుక్‌లో లేదు.

కానీ జట్టు కోసం అతను వెళ్లి ఉండాల్సిందనే ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను. నాన్నగారు నా వైపే.