కెమెరా తెరిచి వచ్చేలోగా

పొద్దున్నే ఒక ఫిర్యాదు చూశాను. మా యాప్‌లో ఒకావిడ ఇరవై నిమిషాలు కూర్చుని దరఖాస్తు నింపారు. చివర్లో ఫోటో తీయడానికి కెమెరా తెరిచి వెనక్కి వచ్చేసరికి గడులన్నీ ఖాళీ.

నా ఫోనులో ఎన్నిసార్లు చేసినా అలా జరగలేదు. నా ఫోనులో మెమరీ ఎక్కువన్న సంగతి మధ్యాహ్నానికి గాని తట్టలేదు. కెమెరాకు మెమరీ బాగా కావాలి. చాలకపోతే వెనక ఉన్న యాప్ ప్రాసెస్‌ను, అంటే మెమరీలో నడుస్తున్న యాప్‌ను, ఆండ్రాయిడ్ చంపేస్తుంది, యాప్‌కు ఒక్క మాటైనా చెప్పకుండా. తెర మూతపడేటప్పుడు నడవాల్సిన ఆన్‌డిస్ట్రాయ్ అనే కోడులో దాచుకుందామన్నా అది నడుస్తుందన్న హామీ లేదు. మనిషి తిరిగి రాగానే ఆండ్రాయిడ్ కొత్త ప్రాసెస్‌లో అదే తెరను మళ్లీ నిలబెడుతుంది. యాప్ ఆగిపోయిందని ఎవరికీ తెలియదు, రాసింది ఎవరో తుడిచేశారనిపిస్తుంది. ఐఫోన్‌లోనూ నిద్రలో ఉన్న యాప్‌ను ఇలాగే చెప్పకుండా తీసేస్తారు.

రాసినదాన్ని వ్యూమోడల్‌లో (తెర సమాచారాన్ని మెమరీలో పట్టి ఉంచే భాగం) ఉంచాను కదా, భద్రమే అనుకున్నాను. తెర తిప్పినప్పుడు అది నిలుస్తుంది, ప్రాసెస్ పోతే దానితోపాటే పోతుంది. నేను తెర తిప్పి మాత్రమే పరీక్షించాను. తప్పు నాదే.

హోమ్ నొక్కి, కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే ఏడీబీలో, వెనకున్న యాప్ ప్రాసెస్‌ను చంపే ఏఎం కిల్ ఇచ్చి, ఇటీవలి యాప్‌ల జాబితాలోంచి తెరిచాను. (జాబితాలోంచి పక్కకు తోసేస్తే ఇది బయటపడదు, యాప్ మొదటి నుంచి మొదలవుతుంది.) తెల్లని గడులు. ఆవిడ చూసింది ఇదే! తీసిన ఫోటో కూడా దక్కలేదు. ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకున్న వేరియబుల్ కూడా ప్రాసెస్‌తో పోయింది.

సాయంత్రమంతా మరమ్మతే. ఫోటో ఫైలు ఉన్న దారిని, ప్రాసెస్ పోయినా ఆండ్రాయిడ్ దాచి తిరిగిచ్చే సేవ్డ్‌స్టేట్‌హ్యాండిల్‌లో పెట్టాను. రాతనంతా అందులో కుక్కడానికి లేదు, అది వెళ్లే బైండర్ బఫర్ (ప్రాసెస్‌ల మధ్య సమాచారం మోసే చోటు) ప్రాసెస్ మొత్తానికి కలిపి 1 ఎంబీయే. అందుకని దరఖాస్తును డేటాబేస్‌లో చిత్తుప్రతిగా, టైపు చేస్తుండగానే రాసేస్తున్నాను. సేవ్ బటన్ నొక్కేదాకా ఎదురుచూడటం నాకిప్పుడు అన్యాయంగా తోస్తోంది.

ఆవిడకు జవాబు రాశాను. రాసినవి మెమరీలో తప్ప ఎక్కడా లేవని, తిరిగి తేలేనని చెప్పి క్షమించమన్నాను.

పడుకునే ముందు ఒక్కో గడి నింపుతూ మళ్లీ మళ్లీ చంపి చూశాను. అన్నీ వచ్చాయి, చిరునామా రెండో వరుస తప్ప. రేపు పొద్దున ముందు అదే.