ఓపెన్‌టీటీడీలో బండి పొడవు ఎలా తేల్చుకున్నాను

ఓపెన్‌టీటీడీ అనే రవాణా కంప్యూటర్ గేమ్‌లో రైలు ఎంత పొడవుండాలన్నది ఇంజిన్ కొనేటప్పుడు తేలే విషయం కాదు, మొదటి ప్లాట్‌ఫారం కట్టేటప్పుడే తేల్చుకోవాలి. కొత్త మ్యాప్ 1950లో మొదలుపెట్టి, ఊళ్లకు రేణిగుంట, పాకాల, చిత్తూరు అని పేర్లు మార్చుకుని, ముందు ఆ లెక్క దగ్గరే కూర్చున్నాను. (1995 నాటి ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌కు ఓపెన్ సోర్స్ రూపం ఈ ఆట. తిరుపతిలో ఉంటూ దీని పేరు పైకి చెబితే కష్టం. "మూడొందల టికెట్లు ఓపెనయినాయా?" అని మా అమ్మ ఫోన్ పట్టుకుని వచ్చేసింది.)

ఆటలో మ్యాప్ అంతా చదరపు గడులే; ఇంజినైనా పెట్టైనా అర గడి పడుతుంది. 5 గడుల బండి అంటే ఇంజిన్, 9 బొగ్గు పెట్టెలు. పెట్టెకు 20 చొప్పున 180 టన్నులు. 3 గడులైతే 100 టన్నులే. పాకాల పక్కన గనిలో నెలకు 120 టన్నులు వస్తున్నాయి. స్టేషన్ రేటింగ్ (సరుకు ఎంత బాగా తీసుకెళ్తున్నామో దానికి ఆట ఇచ్చే మార్కు) 60 శాతం ఉంటే అందులో మనకు దక్కేది 72. నిండేదాకా కదలొద్దనే 'ఫుల్ లోడ్' ఆర్డర్ ఇస్తే పెద్ద బండి నిండడానికి రెండున్నర నెలలు. ఇవాళ్టికి 3 గడులు చాలు, కానీ గని పెరిగితే?

మా పెద్దమామయ్య గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. "7 గడులు పెడితే ఎలా ఉంటుంది మామయ్యా?" అని స్క్రీన్ చూపిస్తే ఇంజిన్ సంగతి అడగనే లేదు. "నీ లూపులో ఎంత బండి పడుతుందిరా? తోక ఫౌలింగ్ మార్కు దాటి లోపలికి రాకపోతే పక్క లైను మూసుకున్నట్టే కదా!" అన్నారు. (లూపంటే ఒక బండిని పక్కకు తప్పించి నిలిపే లైను. రెండు లైన్లు కలిసే దగ్గర, బండి తోక దాటి లోపలికొస్తేనే పక్క లైనుకు అడ్డు రాదని చూపే గుర్తు ఫౌలింగ్ మార్కు.)

మన రైల్వేలోనూ అదే లెక్క. లూప్ లైన్లో బండి నిలిచే చోటు మామూలుగా 686 మీటర్లు. బొగ్గు లాంటివి మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్లు 58 కలిపితే దాదాపు 620, దానికి ఇంజిన్లు, బ్రేక్‌వ్యాను (గార్డు ఉండే చివరి పెట్టె) అదనం. 2022 ఆగస్టు 15న 295 వ్యాగన్లతో నడిపిన సూపర్ వాసుకి మూడున్నర కిలోమీటర్ల బండి. దాన్ని క్రాసింగ్‌కని పక్కకు తప్పించాలంటే మామూలు లూపు ఏ మూలకీ రాదు.

సరే, మ్యాప్‌లో అన్నిటికంటే ఇరుకైన చోటు ఎక్కడని వెతికాను. బొగ్గు లైను, ప్యాసింజర్ లైను కలిసే రేణిగుంట జంక్షన్ దొరికింది. జంక్షన్‌కు, దాని తర్వాతి సిగ్నల్‌కు మధ్య ఒక బండి మొత్తం పట్టాలి. లేదంటే ముందు ఎర్ర సిగ్నల్ పడినప్పుడు బండి తోక జంక్షన్ మీదే ఉండిపోతుంది. ఆ తోక కోసం ఇంకొకటి, దాని కోసం మరొకటి ఆగి, చివరికి మొదటి బండికే దారి ఉండదు. అక్కడ ఒక పక్క కొండ, ఇంకో పక్క ఊరు. ఇళ్లు పడగొడితే ఊరి కౌన్సిల్ దగ్గర పేరు పోతుంది, తర్వాత స్టేషన్ కట్టనివ్వరు. కొలిస్తే 5 గడులు వచ్చాయి. అంతే, అన్ని ప్లాట్‌ఫారాలూ 5 గడులే కట్టాను. బండ్లు మాత్రం 3 గడులతో మొదలుపెట్టాను. ప్లాట్‌ఫారం కంటే బండి పొడవైతే ఆట ఒప్పుకుంటుంది కానీ లోడింగ్ నత్తనడక నడుస్తుంది.

పొడవు బండి ఎక్కుడులో చతికిలబడుతుందనే భయం కొంచెం ఎక్కువే. రియలిస్టిక్ యాక్సిలరేషన్ (బండి వేగాన్ని నిజంలా లెక్కేసే సెట్టింగ్)లో వాలు లెక్క ఒక్కో పెట్టెకు విడిగా ఉంటుంది. ఒక్క మెట్టే ఉంటే ఒకేసారి ఎక్కుడు మీద ఉండేవి రెండు పెట్టెలే. వరసగా మెట్లు పెడితేనే ఇంజిన్‌కు ఆయాసం. అందుకే మెట్టుకూ మెట్టుకూ నడుమ బండి పొడవంత చదును నేల వదిలాను.

ప్యాసింజర్లకు 3 గడులు దాటించలేదు. జనానికి పెద్ద బండి కంటే వెంటవెంటనే వచ్చే బండి ముఖ్యం, రేటింగ్ కూడా దాంతోనే పెరుగుతుంది. ప్లాట్‌ఫారం మాత్రం అక్కడా 5 గడులే. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ 2023 ఏప్రిల్‌లో 8 కోచ్‌లతో మొదలై మే నెలకే 16 అయింది. పొడవు ఎక్స్‌ప్రెస్‌లు ఆగే ప్లాట్‌ఫారాలు ముందే ఉన్నాయి కాబట్టి అంత తొందరగా కుదిరింది.

పాత ఇంజిన్లను ఆటే మార్చేసే ఆటోరీప్లేస్‌లో 'వ్యాగన్ రిమూవల్' కూడా ఆన్ చేశాను. మార్చిన ఇంజిన్ పాతదానికంటే పొడవైతే, అదే పెట్టెలు తగ్గించి బండిని పాత కొలతకు తెస్తుంది. గని ఇప్పుడు నెలకు 200 టన్నులు దాటింది. బండ్లను 4 గడులకు పెంచాను, ఇంకో గడి చేతిలో ఉంది. మామయ్య మాత్రం ఇన్ని బండ్లలో ఒక్కదానికీ బ్రేక్‌వ్యాను లేదేమిరా అని రోజూ అడుగుతున్నారు.